నూట తొమ్మిది అడుగుల బావి

అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే ఊళ్లో నా మొదటి పేషెంట్ డెబ్భై దాటిన గోధుమ రైతు. విచిటాలో మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకుని, నాలుగో రోజుకే ఊరికి వచ్చేశాడు. ఫిజికల్ థెరపీలో మొదటిరోజే ఒక ప్రశ్న అడుగుతాం, మళ్లీ ఏం చేయగలిగితే చాలు మీకు అని. హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు గుడి మెట్లు ఎక్కాలనేవాళ్లు, కింద కూర్చుని లేవాలనేవాళ్లు. ఈయన మాత్రం, "జూన్ కల్లా కంబైన్ ఎక్కాలి" అన్నాడు. కోత మిషన్ మొదటి మెట్టు ఎంత ఎత్తుంటుందో నాకు తెలీదు. అడిగితే తన తొడ మీద చెయ్యి పెట్టి చూపించాడు. టేపుతో కొలిచి రాసుకున్నాను. మూడో వారం నుంచి చెక్క పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ ఎత్తుకి ఎక్కించడం మొదలుపెట్టాను. మంచి కాలు ముందు పైకి, ఆపరేషన్ అయిన కాలు ముందు కిందికి. దిగేటప్పుడు నొప్పికి పెదవి కొరుక్కునేవాడు కానీ ఒక్క మాట అనేవాడు కాదు.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నన్ను పంపిన ఏజెన్సీ వాళ్లు ఉద్యోగం విచిటా దగ్గరే అన్నారు. సంతకం పెట్టాక మ్యాప్‌లో చూస్తే ఆ దగ్గర 110 మైళ్లు. ఆ రాత్రి ఏడ్చాను. అప్పులు, పరీక్షలు, లైసెన్సు, వీసా, ఇన్నేళ్లు పడ్డ కష్టమంతా ఏడు వందల మంది ఉండే ఊరికి రావడానికా అనిపించింది. మా పల్లెలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు.

కాన్సాస్ రాష్ట్రంలో నైరుతి వైపు, యు.ఎస్. 54 హైవే మీద ఉంటుంది గ్రీన్స్‌బర్గ్. తూర్పుకి ముప్పై మైళ్లు పోతే ప్రాట్, పడమరకి ఒక గంట పోతే డాడ్జ్ సిటీ. మధ్యలో ఉన్నదంతా ఆకాశమే. రోడ్లు గీత గీసినట్టు ఉంటాయి, మైలుకొకటి. 1785 నాటి చట్టం ప్రకారం దేశాన్ని గళ్లుగా కొలిచారు. ఒక గడి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు 160 ఎకరాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద వచ్చి ఐదేళ్లు కాపురముండి సాగు చేసినవాళ్లకు ఇచ్చింది ఆ 160 ఎకరాలే. ఇప్పటికీ ఇక్కడ రైతులు పొలం మాట్లాడితే ఎకరాలు అనరు, 'క్వార్టర్' అంటారు. ఫలానా క్వార్టర్ మా తాతది, ఫలానా క్వార్టర్ మా అత్తవాళ్లు అమ్మేశారు, ఇలాగ.

ఇచ్చిన ఆ భూమి ఎవరిదో కౌంటీ పేరే చెబుతుంది. ఇది కయోవా కౌంటీ. ఇక్కడికి ఓ గంట దూరంలో ఉన్న మెడిసిన్ లాడ్జ్ దగ్గర 1867 అక్టోబరులో కయోవా, కమాంచీ, షయాన్ తదితర తెగలతో ప్రభుత్వం ఒప్పందాలు రాయించుకుంది. కయోవాలకు ఇప్పటి ఓక్లహోమా నైరుతిలో కొంత చోటు చూపించి ఈ మైదానం ఖాళీ చేయించారు. పంతొమ్మిదేళ్లు తిరక్కుండానే, 1886లో, ఇక్కడ ఊరు లేచింది. 'కేనన్‌బాల్' గ్రీన్ అని గుర్రపు బగ్గీల సర్వీసు నడిపే ఆయన పేరు ఊరికి పెట్టారు. మనుషుల్ని తోలేసి, వాళ్ల పేరు మాత్రం కౌంటీకి ఉంచుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కోర్టు భవనం ముందు నుంచి పోయినప్పుడల్లా ఆ పేరు చదువుతాను.

నన్ను ఈ ఊరికి కట్టేసింది మాత్రం బావి. వచ్చిన రెండో ఆదివారం ఏం తోచక నడుచుకుంటూ పోతే 'బిగ్ వెల్' అన్న బోర్డు కనిపించింది. టికెట్ కొని లోపలికి పోయాను. 109 అడుగుల లోతు, 32 అడుగుల వెడల్పు, గుండ్రంగా రాతి కట్టుతో. మిషన్ లేదు, మందుగుండు లేదు, మొత్తం పారలతో, గడ్డపారలతో మనుషులు తవ్వింది. నిలువుల లెక్కలో చెప్పుకుంటే ఇరవై నిలువులు. చుట్టూ తిరిగే మెట్ల మీద దిగుతూంటే చల్లదనం కాళ్ల నుంచి పైకి పాకింది. సగం దూరంలో ఆగిపోయాను. మా తోటలో బావి వాసన అది. తడి రాయి, పాచి, చీకటి కలిసిన వాసన. పదేళ్లయింది ఆ బావి ఎండిపోయి.

రైలు కోసం తవ్వారు దీన్ని. ఆవిరి ఇంజన్లకు దారి పొడవునా నీళ్లు కావాలి, కొత్తగా లేచిన ఊరికీ కావాలి. 1887లో మొదలుపెట్టి 1888లో ముగించారు. రైతులు, పశువుల కాపరులు, పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, ఎవరు దొరికితే వాళ్లు దిగారు. కూలి రోజుకి అర డాలర్ నుంచి డాలర్ దాకా. మట్టిని సగం కోసిన పీపాల్లో నింపితే పైనుంచి గిలకల మీద లాగేవాళ్లు. రాయి పన్నెండు మైళ్ల అవతల మెడిసిన్ నది దగ్గర నుంచి బండ్ల మీద వచ్చేది. పన్నెండు అడుగులు దిగినప్పుడల్లా గోడలు విరిగి పడకుండా పలకలు అడ్డం పెట్టి బిగించేవాళ్లు. అడుగు నుంచి రాతి కట్టు పైకి లేస్తుంటే ఆ పలకల్ని కోసి తీసేవాళ్లు. 1932 దాకా ఊరంతా ఈ నీళ్లే తాగింది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన మొదట అడిగింది, "నీళ్లు ఎన్ని అడుగులకి పడినాయి పాపా?" తర్వాత, "తవ్వినోళ్లు ఎవరు? అక్కడ కూడా ఒడ్డెరోళ్లు ఉంటారా?" మా బావి తవ్వింది ఒడ్డెరవాళ్లే. మా తాత దాని మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలాడు. నాన్న కాలానికి బోర్లు వచ్చాయి. ఏడు వేయించాడు, రెండింట్లో నీళ్లు పడ్డాయి, అవి కూడా నాలుగేళ్లు పోసి ఆగిపోయాయి. నేను చదువుకున్నది ఆ అప్పుల మధ్యనే.

అందుకే కాబోలు, ఈ నేల నాకు పరాయిదిగా అనిపించడం మానేసింది. డాడ్జ్ సిటీలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మా అనంతపురం లెక్క కూడా దాదాపు అంతే. నూరో రేఖాంశం డాడ్జ్ సిటీ మీదుగా పోతుంది. దానికి పడమర వానను నమ్ముకుని సేద్యం చేయడం కష్టమని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1930లలో వరస కరువుల్లో దున్నేసిన మట్టంతా గాలికి లేచి పగలే చీకటి అయింది. 1935 ఏప్రిల్ 14ని ఇప్పటికీ బ్లాక్ సండే అంటారు. తలుపు సందుల్లో తడి బట్టలు కుక్కేవాళ్లని తన తల్లి చెప్పేదని ఒక పేషెంట్, తొంభై దాటిన ఆవిడ, భుజం వ్యాయామం చేస్తూ చెప్పింది.

జొన్న కూడా ఉంది ఇక్కడ. 'మైలో' అంటారు. అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది కాన్సాస్‌లోనే, కాకపోతే చాలావరకు పశువుల దాణాకో, ఇథనాల్‌కో పోతుంది. మేం దాంతో రొట్టె చేసుకుంటామని చెప్తే ఆ కంబైన్ రైతు నమ్మలేదు. మర్నాడు ఒక బకెట్ నిండా తెచ్చి నా టేబుల్ పక్కన పెట్టాడు. మిక్సీలో ఆడించి రొట్టెలు కొట్టాను. కాస్త ఎర్రగా వచ్చాయి, రుచి మాత్రం మన జొన్న రుచే. రెండు పట్టుకెళ్లి ఇస్తే వాళ్లావిడ వెన్న రాసుకుని తింది.

ఇక్కడ సేద్యాన్ని నిలబెట్టింది కూడా భూమి కింది నీళ్లే. ఒగలాలా అనే పెద్ద జలాశయం ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకుని ఉంది. ఫ్రాంక్ జైబాక్ అనే రైతు కనిపెట్టి 1952లో పేటెంటు పొందిన పద్ధతితో, బోరు చుట్టూ పొడవాటి ఇనుప చెయ్యి చక్రాల మీద తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. విమానంలోంచి కనిపించే ఆకుపచ్చ గుండ్రాలు అవే. వేల ఏళ్లుగా చేరిన నీళ్లవి, తోడినంత త్వరగా తిరిగి ఊరవు. పశ్చిమ కాన్సాస్‌లో చాలాచోట్ల నీటిమట్టం దిగిపోతోంది. అయితే ఒకటి చూసి ఆశ్చర్యపోయాను. ఫిబ్రవరి ఆఖర్లో ఒక పేషెంట్ ఇంటికి హోమ్ విజిట్‌కి వెళితే, ఆయన వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని బోరు మీటరు రీడింగులు రాసుకుంటున్నాడు. సేద్యానికి తోడిన ప్రతి బోరు లెక్కా మార్చి 1 లోపల రాష్ట్రానికి పంపాలట. ఎవరు ముందు హక్కు రాయించుకుంటే వాళ్లకే నీళ్లు ముందు, 1945 చట్టం అది. మన దగ్గర కూడా నీళ్లు, నేల, చెట్లు కాపాడాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. మా నాన్న బోరుకి మీటరు మాత్రం నేనెన్నడూ చూడలేదు. లెక్క రాసుకున్నంత మాత్రాన నీళ్లు ఆగవని ఆ పేషెంటే అన్నాడు. అయినా ఎంత తోడుతున్నామో తెలిసి తోడటం, తెలీక తోడటం ఒకటి కాదని నేను గట్టిగా అనుకుంటాను.

టోర్నడో సంగతి చెప్పకుండా ఈ ఊరి గురించి రాయలేను. 2007 మే 4, రాత్రి తొమ్మిదిన్నర దాటాక, మైలున్నరకి పైగా వెడల్పున్న సుడిగాలి ఊరి మీదుగా పోయింది. నూటికి తొంభై అయిదు వంతులు నేలమట్టం. ఇరవై నిమిషాల ముందే సైరన్లు మోగబట్టి జనం నేలమాళిగల్లోకి దిగారు, లేకపోతే ఎంతమంది పోయేవాళ్లో. అయినా పదిమందికి పైగా పోయారు. 2000 జనాభా లెక్కల్లో 1,574 మంది ఉన్న ఊళ్లో 2010కి 777 మంది మిగిలారు. ఉన్నవాళ్లు ఊరిని మళ్లీ కట్టుకున్నారు, అది కూడా గాలినే నమ్ముకుని. ఊరి బయట పది గాలిమరలు నిలబెట్టారు, మొత్తం 12.5 మెగావాట్లు. ఊరి భవనాలను కరెంటూ నీళ్లూ పొదుపు చేసేట్టు, లీడ్ ప్లాటినం అనే అత్యున్నత ప్రమాణానికి తగ్గట్టు కట్టాలని 2007 డిసెంబరులోనే కౌన్సిల్ తీర్మానం చేసింది. ఊరు పోయి అప్పటికి ఎనిమిది నెలలు కూడా కాలేదు.

నా మొదటి మేలో సాయంత్రం సైరన్ మోగింది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టి, చెయ్యి పట్టుకుని తన నేలమాళిగకి తీసుకుపోయింది. అక్కడ రేడియో, నీళ్ల సీసాలు, కుక్కపిల్ల, ఓ గూట్లో 2007లో శిథిలాల్లోంచి ఏరుకున్న చెంచాలు. నలభై నిమిషాలు ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఆ రోజు గాలి ఊరిని తప్పించి ఉత్తరంగా పోయింది.

నా రైతు జూన్ రెండో వారంలో కంబైన్ ఎక్కాడు. ఆ నెలలో మా డిపార్టుమెంటు బోసిపోతుంది, కోతలప్పుడు ఎవ్వరూ అపాయింట్‌మెంట్లకి రారు. ఆయన ఎక్కడం చూడాలని నేను పొలానికి పోయాను. నేర్పినట్టే మంచి కాలు ముందు వేశాడు.

పోయినేడాది అమ్మానాన్నా వచ్చారు. నాన్నని బావికి తీసుకుపోయాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు. రాయిని అరచేత్తో తడుముతూ, "కట్టు గట్టిగా ఉంది పాపా, పనోళ్లు" అన్నాడు. తర్వాత, "వీళ్ల పేర్లు ఏడన్నా రాసినారా?" అని అడిగాడు. నేను వెతికాను, నాకెక్కడా కనపడలేదు. ఆ మాట వినగానే నాన్న చెప్పులు విప్పి, ఆఖరి మెట్టు మీద కాసేపు కూర్చున్నాడు.

మర్నాడు మా రైతు ఇంట్లో భోజనం. ఆయన థెరపీ అయిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు నాకు పెద్దదిక్కులాంటివాడు. మాటల్లో, మా దగ్గర అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూస్తారని నాన్న చెప్పమంటే చెప్పాను. ఆ పెద్దాయన లేచి పెరట్లోకి పోయి, పంగల కొమ్మ ఒకటి కోసుకొచ్చాడు. తన తాత దీంతోనే చూసేవాడట. నాన్న చేతుల్లో పెట్టి, రెండు పంగలూ ఎలా పట్టుకోవాలో వేళ్లు సర్ది చూపించాడు. నాన్న నా వంక ఒకసారి చూసి, కొమ్మ ముందుకి చాచి గోధుమ కొయ్యకాళ్లలోకి నడిచాడు. ఆ రైతు పక్కనే, మోకాలు కొంచెం ఈడుస్తూ, ఆయన అడుగులో అడుగేశాడు.