కాఫీ తాగితే పొడుగు పెరగరా?

"కాఫీ తాగితే ఎదుగుదల ఆగిపోతుందిరా!" అంటూ అమ్మ మావాడి చేతిలోంచి కప్పు లాగేసుకుంది. వాడికి 14 ఏళ్లు. ఆవిడ వాడి భుజం దాకా కూడా రాదు. తలెత్తి మరీ తిట్టింది.

మూతికంటిన నురగ తుడుచుకుంటూ వాడు నావైపు చూశాడు. నాకు నవ్వాగలేదు. చిన్నప్పుడు నాకూ ఇదే మాట. నమ్మేసి కాఫీ జోలికే పోలేదు. పొడుగు మాత్రం ఇంతే!

నిజానికి కాఫీ వల్ల ఎత్తు తగ్గుతుందని ఎక్కడా తేలలేదు. ఎత్తు చాలావరకు అమ్మానాన్నల పోలికే. కాఫీలో ఉండే కెఫీన్ వల్ల ఒంట్లోంచి కాల్షియం కాస్త పోయే మాట నిజమే, కానీ రెండు పెద్ద చెంచాల పాలతో ఆ లెక్క సరిపోతుంది. అమెరికాలో 1895లో పోస్టమ్ అనే ధాన్యపు పానీయం తెచ్చిన సి.డబ్ల్యూ. పోస్ట్, దాన్ని అమ్ముకోవడానికి కాఫీ చెడ్డదని ఎన్ని ప్రకటనలు వేయించాడో!

అయినా కప్పు నేను వాడికి తిరిగి ఇప్పించలేదు. అప్పటికి సాయంత్రం 6 దాటింది. తాగిన కెఫీన్‌లో దాదాపు సగం 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నిన్న రాత్రి ఒంటిగంటకి కూడా వాడి గదిలో లైటు వెలుగుతూనే ఉంది.

మిగతాది నేనే తాగేశా. అమ్మ నన్ను కూడా అదోలా చూసింది.