ముప్పై రెండు ఖాళీ గొట్టాల లెక్క

గత గురువారం సాయంత్రం నాన్నగారి .315 రైఫిల్‌కు కొత్త తూటాలు కొని ఇంటికి తెచ్చాను. ఆ చిన్న అట్టపెట్టెను ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేనాటికి, రైఫిల్‌ను నా పేరు మీదకు మార్పించుకుని తూటాలు తెచ్చుకునే ఈ పని మొదలుపెట్టి సరిగ్గా పది నెలలైంది. ఇదే దారిలో నడవవలసిన వారికి పనికివస్తుందని, మనసులో బాధ ఇంకా ఆరకముందే, జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

నాన్నగారు పోయిన తర్వాత రైఫిల్‌నూ, మిగిలిన తూటాలనూ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేశాము. వారసురాలిగా దరఖాస్తు పెట్టుకోవడం, అమ్మ, తమ్ముడు రాసిచ్చిన నిరభ్యంతర పత్రాలు, వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ, పోలీసు విచారణ అన్నీ ఆలస్యంగానైనా సాఫీగానే గడిచాయి. 2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరగడం వల్ల ఈ తిరుగుడు మళ్లీ త్వరలో ఉండదు.

కొత్త తూటాలు ఎందుకు అవసరమయ్యాయో చెప్పాలి. డిపాజిట్ చేసినవి పద్దెనిమిది. డీలర్ వాటిని బల్ల మీద వరసగా నిలబెట్టి చూపించినప్పుడు, కొన్నింటి మెడ దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉంది. నాలుగింటికి మెడ మీద వెంట్రుకవాసి పగుళ్లు నిలువునా కనిపించాయి. రెండింటి అడుగున ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) మీద రైఫిల్ సూది పోటు ఉంది గానీ అవి పేలలేదు. ఆ రెండింటి కథ నాకు తెలుసు. వికారాబాద్ వైపు ఉన్న మా మక్క చేనులో అడవి పందులను బెదరగొట్టడానికి నాన్నగారు ఒక రాత్రి మట్టి గట్టు మీదికి కాల్చబోతే రెండుసార్లు టిక్కుమని ఊరుకున్నాయి. మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంటుంది కనుక ఆయన రైఫిల్‌ను గట్టు వైపే గురిపెట్టి, నన్ను వెనక్కి జరగమని, చాలాసేపు కదలకుండా నిలబడ్డారు. ఆ తర్వాతే బోల్టు తెరిచారు. పేలని తూటాను వెంటనే బయటకు లాగకూడదని నేను ఆ రాత్రి నేర్చుకున్నాను.

పగుళ్లకు కారణం మాత్రం తర్వాత తెలిసింది. బ్రిటిష్ వారి కాలంలో వానాకాలమంతా గుర్రపు శాలల్లో నిలవచేసిన తూటాల ఇత్తడి ఇలాగే పగిలేదట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తూటా గొట్టాన్ని (మందునూ గుండునూ పట్టి ఉంచే ఇత్తడి భాగాన్ని) సాగదీసి తయారుచేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి ఆ పని చేస్తాయని 1921లో శాస్త్రజ్ఞులు తేల్చారు. మా తూటాల డబ్బా ఏళ్ల తరబడి ఉన్నది పల్లెలో పశువుల కొట్టాన్ని ఆనుకున్న గదిలోనే. తూటాలను ఎవరూ అలాంటి చోట పెట్టవద్దు.

ఈ సంగతి చెప్పగానే అమెరికాలో, కొలరాడోలో ఉంటున్న మా తమ్ముడు, "ఫ్యాక్టరీ తూటాల కోసం ఎందుకు తిరుగుతావక్కా, ఇంట్లోనే నింపుకోవచ్చు, ఈసారి వచ్చేటప్పుడు తూటాలు నింపే ప్రెస్ తెచ్చిపెడతాను" అన్నాడు. వాడు జింకల వేటకు .30-06 రైఫిల్ వాడతాడు. తూటాలు సొంతంగా నింపుకుంటాడు. నేను అక్కడ ఉన్న నెల రోజుల్లో ఆ పని దగ్గర కూర్చుని చూశాను. పేలిన గొట్టాన్ని అచ్చులో నొక్కి మళ్లీ పాత కొలతకు తెస్తాడు, పాత ప్రైమర్ తీసి కొత్తది బిగిస్తాడు, తయారీదారు ప్రచురించిన పట్టిక ముందు పెట్టుకుని మందును గ్రెయిన్లలో తూస్తాడు, చివరగా గుండును కూర్చోబెడతాడు. పౌనుకు 7,000 గ్రెయిన్లు కనుక ఒక్క గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు. ఆ తూకం వేసేటప్పుడు వాడు ఎవరితోనూ మాట్లాడడు. గొట్టంలో పొరపాటున మందు ఎక్కువ పడితే రైఫిల్ కంటి ముందే బద్దలవవచ్చు. అయినా వాడికి ఆ శ్రమ గిట్టుబాటే. ఖర్చు తగ్గుతుంది, తన రైఫిల్ గొట్టానికి నప్పే గుండునూ మందునూ తానే కుదుర్చుకుంటాడు, గురి మెరుగుపడుతుంది. వాడున్న చోట వాడు చేస్తున్నది సరైన పనే.

హైదరాబాద్‌లో మాత్రం అది కుదరదని వాడికి గట్టిగా చెప్పాను. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్స్ ఉండాలి. రైఫిల్ ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్స్ దానికి చెల్లదు. అదే చట్టం రెండో సెక్షన్‌లో మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలో తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే వాడు ప్రేమతో సూట్‌కేసులో పెట్టుకొస్తానన్న ఆ ప్రెస్ కూడా చట్టం దృష్టిలో మందుగుండే. ఇలాంటివి విదేశాల నుంచి తెచ్చి ఎయిర్‌పోర్టులో దొరికిపోతే జీవితాలు తలకిందులవుతాయి. తమ్ముళ్లూ కొడుకులూ విదేశాల్లో ఉన్నవారు ఈ మాట వారికి ముందే చెప్పాలి.

చట్టం ఒప్పుకున్నా మా తూటాలతో ఆ పని సులువు కాదు. ఒక ఖాళీ గొట్టంలోకి టార్చి వేసి చూస్తే అడుగున రెండు సన్నని రంధ్రాలు కనిపించాయి. తమ్ముడి గొట్టాలకు మధ్యలో ఒకటే రంధ్రం ఉంటుంది కనుక సూదితో పొడిస్తే పాత ప్రైమర్ ఊడివస్తుంది. బెర్డాన్ పద్ధతిలో చేసిన మా వాటికి అలా రాదు. అసలు ఈ .315 అనేది ఆస్ట్రియా సైన్యపు మాన్‌లికర్ తూటా కొలత. సైన్యం వాడే .303 పౌరుల చేతిలో ఉండరాదన్న బ్రిటిష్ ప్రభుత్వ విధానం వల్ల వేట రైఫిళ్లకు ఈ కొలత మన దేశంలో స్థిరపడింది. మనకు మిగిలిన దారి ఫ్యాక్టరీ తూటాయే.

ఆ తూటాలు కొనే అనుమతి కోసం వెళ్లిన కార్యాలయం పేరు నేను రాయను. నాన్నగారి పాత పుస్తకం ప్రకారం ఆయన కొన్నవి యాభై. మిగిలినవి పద్దెనిమిది కనుక వాడినవి ముప్పై రెండు. ఆ ముప్పై రెండు ఖాళీ గొట్టాలనూ చూపించమన్నారు. నేను హార్లిక్స్ సీసాలో తీసుకెళ్లినవి ఇరవై ఐదు. గుమాస్తా వాటిని రెండుసార్లు లెక్కపెట్టి, సీసా మూత కూడా తిప్పి చూసి, వరసలో నిలబడిన పదిమంది వినేటట్లు "ఏడు తక్కువున్నాయి, ఎవరి మీద పేల్చారమ్మా?" అన్నాడు. నాన్నగారు పొలంలో కాల్చారనీ, ఆయన ఇప్పుడు లేరనీ చెప్పాను. "చనిపోయినవాళ్ల మీద అందరూ ఇట్లనే చెప్తారు. మీ ఇంట్ల మగవాళ్లెవరూ లేరా, వాళ్లను తోలియ్యండి" అన్నాడు. వెనకనున్న ఒకాయన నవ్వాడు.

నేను ఇరవై ఏడేళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో కూర్చున్న దాన్ని. ఒక్క సాయంత్రం కూడా నా లెక్కలో రూపాయి తేడా రాలేదు. వేల మంది డబ్బును లెక్కపెట్టి ఇచ్చాను గానీ తక్కువ తెచ్చిన వారిని కూడా నలుగురిలో నిలబెట్టి అడగలేదు. ఆ రోజు నా చేతులు వణికి, సీసాలో తిరిగి వేయబోతే రెండు గొట్టాలు నేలమీద పడి దొర్లాయి. వంగి ఏరుకుంటుంటే ఎవరూ పక్కకు జరగలేదు. లెక్క అడగడం తప్పని నేను అనను. తూటాకు లెక్క ఉండవలసిందే. కానీ తండ్రిని పోగొట్టుకుని వచ్చిన మనిషిని అడిగే తీరు ఒకటుంటుంది. ఆ తర్వాత రెండు నెలలు ఆ మెట్లు ఎక్కలేకపోయాను.

చివరికి దీపావళికి పల్లెకు వెళ్లినప్పుడు, మా చేను చూసుకునే ముసలాయనతో ఈ మాట చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనకుండా నన్ను చేనులోకి తీసుకెళ్లి దిష్టిబొమ్మను చూపించాడు. దాని చేతికి ఇనప తీగతో ఐదు గొట్టాలు వేలాడుతున్నాయి. ఈ తూటాకు అడుగున అంచు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది కనుక, ఆ అంచు కింద తీగ చుట్టి మూతి కిందికి ఉండేటట్లు కట్టాడు. "పెద్దసారు కాల్చినంక ఏరి కట్టిన బిడ్డా, గాలికి గలగలమంటయ్, పందులు బెదురుతయ్" అన్నాడు. మిగిలిన రెండూ ఎక్కడో దుక్కిలో కలిసిపోయి ఉంటాయన్నాడు. ఇత్తడి నల్లబడి, తీగ రాసుకున్న చోట మాత్రం బంగారంలా మెరుస్తోంది. అమ్మ వాటిని చింతపండుతో తోముతానంటే వద్దన్నాను. తీగ గీతలు కనిపించాలి.

ముప్పై గొట్టాలూ, పోయిన రెండింటికి నోటరీ చేయించిన అఫిడవిట్, దిష్టిబొమ్మ ఫోటో పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి లోపల కూర్చున్న అధికారిణి స్వయంగా చూశారు. ఐదింటి అంచు కింద తీగ గీతలను వేలితో తడిమి, "కూర్చోండమ్మా" అన్నారు. పది నిమిషాల్లో సంతకమైంది. అదే రోజు ఆ పద్దెనిమిది పాత తూటాలనూ అప్పగించి రసీదు తీసుకున్నాను. చిలుము పట్టిన తూటాను విప్పి చూడటం గానీ చెత్తలో వేయడం గానీ ఎవరూ చేయరాదు.

దుకాణంలో కొనడం అరగంట పని. పెట్టెలన్నీ ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) నంబరువి అడిగి తీసుకోండి, ఎందుకంటే లాట్ మారితే గుండు తగిలే చోటు కూడా మారవచ్చు. ప్రతి తూటానూ వెలుతురులో తిప్పి మెడ చూశాను. దుకాణదారు విసుక్కున్నా ఒకదాన్ని మార్పించాను. కొన్న తేదీ, లాట్, సంఖ్య రాయడానికి బ్యాంకులో వాడినటువంటి గీతల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. ఖాళీ గొట్టాలకు అందులో విడిగా ఒక వరుస గీశాను.

దిష్టిబొమ్మకు కట్టుకోవడానికి ఆ ముసలాయనకు నిన్న ఐదు స్టీలు గ్లాసులు పంపించాను.