‘ఎల్ని’ అంటే ఊరినా, ఊరిదా? నెట్ లింగ్విస్టిక్స్‌కి నా మార్ఫాలజీ (పద నిర్మాణం) ప్రాక్టీస్

యూజీసీ నెట్ లింగ్విస్టిక్స్ రాస్తున్న మిత్రులకు నమస్తే. పేపర్ 2లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. థియరీ ఎంత చదివినా, ముక్కూమొహం తెలియని భాషలో నాలుగు మాటలిచ్చి ప్రత్యయాలు విడదీయమంటే నాకు చేతులాడేవి కావు. ఆ భయం పోగొట్టింది కరాచాయ్-బల్కార్. రష్యాలో ఉత్తర కాకసస్ కొండల్లో మాట్లాడే తుర్కిక్ భాష అది.

ఒక్క మాటే పట్టుకున్నాను: ఎల్, అంటే ఊరు. ఎల్-గె ఊరికి, ఎల్-దె ఊళ్లో, ఎల్-దెన్ ఊరినుంచి, ఎల్-ని ఊరిని. అరె, మన ‘ని’యే అని సంబరపడ్డాను. దెబ్బతిన్నదీ అక్కడే. నా స్నేహితురాలు ఇచ్చిన సెట్‌లో ‘ఎల్ని తిలి’ కనిపిస్తే ద్వితీయ అని రాసేశాను. తిల్ అంటే భాష, తిలి అంటే దాని భాష. మొత్తం కలిపి ‘ఊరి భాష’. అంటే ఆ ‘ని’ షష్ఠి! అక్కడ రెండు విభక్తులకూ రూపం ఒకటే. పక్క మాటకు స్వామ్య ప్రత్యయం (ఎవరిదో చెప్పేది, ‘తిలి’లో ‘ఇ’ లాంటిది) ఉంటే షష్ఠి, ‘చూశాను’ లాంటి క్రియ వస్తే ద్వితీయ. మనకూ ‘రాముని బాణం’, ‘రాముని చూచెను’ ఉన్నాయిగా! అది గుర్తొచ్చాక మళ్లీ తప్పు చేయలేదు.

స్వామ్యం ఇంకా బాగుంటుంది. మనం నా, నీ అని ముందు వేరే మాట పెడతాం, వాళ్లు వెనక తగిలిస్తారు. ఎలిమ్ నా ఊరు, ఎలిఙ్ నీ ఊరు, ఎలి అతని ఊరు, ఎలిబిజ్ మా ఊరు, ఎలిగిజ్ మీ ఊరు. మా, మన తేడా లేదు.

ఇక్కడ ఒక్క జంట దగ్గర ఆగండి: ఎలిఙ్-దె, ఎలిన్-దె. మొదటిది నీ ఊళ్లో, రెండోది అతని ఊళ్లో. ప్రథమ పురుష స్వామ్యం మీద విభక్తి చేరితే మధ్యలో ‘న్’ వస్తుంది. సిరిలిక్‌లో ‘ఙ్’ను న, గ అక్షరాలు రెండూ కలిపి రాస్తారు. ఇలాంటి జంటలో ‘న’ పక్కన ‘గ’ కనిపిస్తే మధ్యమ పురుష.

వవెల్ హార్మనీని (మాటలోని అచ్చును బట్టి ప్రత్యయంలో అచ్చు మారడాన్ని) బట్టీ పట్టొద్దు. ఎల్-దె, కానీ బల (పిల్ల) అయితే బల-ద. హరికి, నాకు అనే మనకు ఇది కొత్తేం కాదు.

వరుస మాత్రం మారదు: ప్రకృతి (అసలు మాట), బహువచనం, స్వామ్యం, విభక్తి. ఎల్-లెర్-ఇబిజ్-దెన్, మా ఊళ్లనుంచి. నేను కాగితం మీద నాలుగు గళ్లు గీసి రోజూ ఐదారు మాటలు విడదీసేదాన్ని. ఇవాళ మీరు ‘తిల్లెరిన్దెన్’ పట్టుకోండి. గళ్లు నింపేముందు ఆ ‘న్’ ఎక్కడిదో తేల్చుకోండి.