శ, ష, ఐదు బన్నులు: నేను పోలిష్ బి1 పరీక్ష రాసిన అనుభవం

ఉద్యోగం వచ్చి పోలండ్ బయల్దేరినప్పుడు, ఉండబోయే ఊరి పేరు కూడా నాకు సరిగ్గా తెలీదు. 'వ్రోక్లా' అనుకున్నాను. అక్కడివాళ్లు 'వ్రొత్స్‌వాఫ్' అంటారు. పోలిష్‌లో 'సి' అక్షరాన్ని 'త్స' అని పలుకుతారు. మనం చాప, చలి అనేటప్పుడు పలికే 'చ' అదే. తోటి విదేశీయులు వారం రోజులు తంటాలు పడ్డ ఆ శబ్దం నాకు మొదటి రోజే వచ్చేసింది.

శ, ష సంగతీ అంతే. 'ప్రొషె' అంటే దయచేసి. 'ప్రొశె' అంటే పందిపిల్ల. ఇక్కడ ఆ తేడా పలక్కపోతే కుదరదు. చిన్నప్పుడు శంఖం, షట్కోణం విడివిడిగా పలికేదాకా వదలని మా తెలుగు మాస్టారిని ఆ రోజు చాలాసేపు తలుచుకున్నాను.

ఐదేళ్లు నిండాక దీర్ఘకాలిక నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలంటే, భాష బి1 స్థాయిలో, అంటే రోజువారీ పనులు నెట్టుకొచ్చే మధ్యస్థాయిలో, వచ్చని రుజువు చూపాలి. ప్రభుత్వ పరీక్షలో ఐదు భాగాలు: వినడం, చదవడం, వ్యాకరణం, రాయడం, మాట్లాడటం. ప్రతి దాంట్లోనూ కనీసం 50 శాతం రావాలి. ఒకదాంట్లో తగ్గితే ఇంకోదాని మార్కులు ఆదుకోవు.

నా టెన్షనంతా వ్యాకరణమే. పోలిష్‌లో ఏడు విభక్తులు, అందులో సంబోధన ఒకటి. 'డు, ము, వు, లు' బట్టీ పట్టిన మనకి విభక్తి అంటే కొత్త కాదు. పాలు 'పాలతో' అయినట్టే 'మ్లెకో' కాస్తా 'మ్లెక్యెమ్' అవుతుంది. కష్టమల్లా లెక్కల దగ్గర. మా వీధి బేకరీలో ఐదు బన్నులు కావాలని 'ప్యెంచ్ బువ్‌కి' అన్నాను. కౌంటర్లో ఉన్నావిడ సంచిలో ఒక్కొక్కటే వేస్తూ, నాకు వినపడేలా, నెమ్మదిగా 'బు-వెక్' అంది. రెండు, మూడు, నాలుగుకి బువ్‌కి. ఐదు నుంచి బువెక్. ఇరవై రెండుకి మళ్లీ బువ్‌కి! ఆ రోజు నుంచి ఏది కొన్నా లెక్కపెట్టి అడగడం మొదలుపెట్టాను.

పుస్తకం కన్నా ఎక్కువ నేర్పింది పక్కింటి పెద్దావిడ. ఆస్పత్రిలో వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్లగానే అందరికీ 'జెయిన్ దోబ్రి' చెప్పాలని, తర్వాత 'క్తో ఒస్తత్ని?' అని వరసలో ఆఖరు ఎవరో కనుక్కోవాలని ఆవిడే చెప్పింది. డిసెంబర్ 24 రాత్రి విగీల్యా (క్రిస్మస్ ముందురోజు రాత్రి) భోజనానికి పిలిచింది. బల్లగుడ్డ కింద కాస్త ఎండుగడ్డి, అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక ఖాళీ కంచం. ఆ రోజు మాంసం ముట్టరు. చేప ఉంటుంది. నేను బీట్‌రూట్ చారు, పుట్టగొడుగులు కూరిన ప్యెరోగి (కజ్జికాయ ఆకారంలో ఉడికించిన పిండివంట) తిన్నాను. భోజనానికి ముందు 'ఒప్వాతెక్' అనే పల్చటి తెల్లటి అప్పం చేతికిచ్చారు. ఎదుటివాళ్ల అప్పంలోంచి చిన్న ముక్క తుంచుకుని, కళ్లలోకి చూస్తూ వాళ్లకేం కావాలో కోరుకోవాలి. ఆవిడకి ఆరోగ్యం కోరాను. 'జ్‌ద్రోవ్యె' అనకుండా, షష్ఠీ విభక్తిలో 'జ్‌ద్రోవ్యా' అన్నాను. తప్పు పోలేదు. ఆవిడ నా పరీక్ష కోసం కోరుకుంది.

మౌఖిక పరీక్షలో ఒక ఫోటో ఇచ్చి వర్ణించమన్నారు. పార్కులో ఇద్దరు మగవాళ్లు, రెండు కుక్కలు. మనం మనుషులకి ఇద్దరు, మిగతావాటికి రెండు అంటాం కదా. పోలిష్‌లోనూ మగవాళ్లకి 'ద్వుఖ్', కుక్కలకి 'ద్వా'. తడుముకోకుండా చెప్పేశాను. (ఆడవాళ్లకి మాత్రం బన్నులకి వాడే 'ద్వ్యె'నే వాడతారు. అది నాకు ఇప్పటికీ నచ్చదు.)

వ్యాకరణంలో 58 శాతం, మాట్లాడటంలో 86 వచ్చాయి. కాగితం పట్టుకెళ్లి పక్కింటావిడకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, ఇక నుంచి 'పాని' అనొద్దు, పేరు పెట్టి పిలువు అంది. పాని అంటే మన 'గారు' లాంటిది. దాన్ని వదిలెయ్యమని పెద్దవాళ్లే చెప్పాలి, చిన్నవాళ్లు అడగకూడదు. మా అమ్మమ్మ వయసావిడ. కాసేపు నోరు పెగల్లేదు. తర్వాత ఆవిడ పేరుని సంబోధన విభక్తిలోకి మార్చుకుని, మెల్లగా పిలిచాను.