పన్ను తీయించుకున్నాక ఉమ్మకుండా ఉండటం

కింది దవడలో కుడివైపు చివరి పన్ను అడ్డంగా పెరిగి ముందున్న పన్నును నెడుతోందని ఎక్స్‌రేలో తేలింది. హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గర తీయించుకున్నాను. మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమన్నది తప్ప నొప్పి తెలియలేదు. పన్నును కదిలిస్తున్న చప్పుడు మాత్రం చెవి పక్కనే వినిపించింది. అసలు పని కుర్చీ దిగాకే మొదలైంది.

పన్ను ఊడిన గుంటలో రక్తం గడ్డకట్టి, కింది ఎముకనూ నరాల చివరలనూ కప్పి ఉంచుతుంది. కొత్త కండ పెరగడం ఆ గడ్డ మీదనే మొదలవుతుంది. డాక్టరమ్మ వద్దన్నవన్నీ దాన్ని కాపాడటానికే: ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో పీల్చొద్దు, పొగ తాగొద్దు, వేడివేవీ తాగొద్దు. కారణం తెలిశాక ఆ జాబితాను గుర్తుపెట్టుకునే పనే లేకపోయింది. ఏ పని చేయబోయినా గడ్డ కదులుతుందా లేదా అని చూసుకుంటే సరిపోయింది.

నాకు అన్నిటికన్నా కష్టమైంది ఉమ్మకుండా ఉండటం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తాను. బస్తాలు విప్పి కాంటా వేసే చోట ఘాటుకు గొంతు గరగరలాడుతూనే ఉంటుంది. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, మొదలయ్యే లోపే ఎన్నిసార్లు కాండ్రించి ఉమ్ముతామో లెక్క ఉండదు. అందుకే సెలవు పెట్టాను. సీజన్ మొదట్లో సెలవేమిటని సేటు మొహం మాడ్చుకున్నాడు గానీ, కాదనలేదు.

గుంట మీద పెట్టిన దూది ముద్దను 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోమన్నారు. మధ్యలో తీసి చూడాలని చేయి లాగుతూనే ఉంటుంది. అలా తీస్తే అప్పుడే కడుతున్న గడ్డ కూడా దూదికి అంటుకుని వస్తుందట. దూది తీసేశాక లాలాజలం గులాబీ రంగులో ఊరుతుంటే మా ఆవిడ భయపడిపోయింది. రెండు చుక్కల రక్తం ఉమ్మిలో కలిస్తే నోరంతా రక్తంలాగే కనిపిస్తుంది. మింగేయడమే. అలా కాకుండా ఎర్రగా ధార ఆగకపోతే కొత్త దూది పెట్టి కొరకాలి, అప్పటికీ ఆగకపోతే డాక్టరుకు ఫోను చేయాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి పన్ను తీయకముందే చెప్పాలి. నన్ను మొదట అడిగింది అదే, తర్వాత షుగరు గురించి.

సాయంత్రానికి సలహాలు మొదలయ్యాయి. వేన్నీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించమని అత్తమ్మ, పసుపు అద్దమని పక్కింటి పెద్దమ్మ, పొగాకు నలిపి పెడితే నొప్పి లాగేస్తుందని హమాలీ మల్లన్న. పొగాకు మాట అటుంచితే, అత్తమ్మ చెప్పింది మంచిదే. కాకపోతే 24 గంటలు గడిచాక. అప్పటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వాల్చి, నోరు తెరిచి సింకులోకి వాటంతటవే జారిపోనిచ్చాను. బుగ్గలు ఉబ్బించి గలగలలాడించడం లేదు. గుంట వైపు వదిలేసి మిగతా పళ్లు మెత్తని బ్రష్షుతో తోముకున్నాను. తోమడం మొత్తానికే మానేస్తే నోరు పాచిపట్టి, పుండుకు అదే చేటు.

తిండికి పండగే అడ్డం వచ్చింది. సంక్రాంతి ముందు రోజులు, ఇంట్లో సకినాలు కాలుతున్నాయి. గట్టిగా ఉండటం ఒక ఎత్తు, వాటిలోని నువ్వు గింజ మరొక ఎత్తు. గుంటలోకి దూరిందంటే తీయడం మన వల్ల కాదు. నాకు చల్లార్చిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, నానబెట్టిన ఇడ్లీ. తిమ్మిరి వదిలేదాకా అవి కూడా వద్దన్నారు. పెదవినో బుగ్గనో కొరుక్కున్నా తెలియదు కదా.

మొదటి రోజు తువాలులో చుట్టిన ఐసు పావుగంట బుగ్గకు ఆనించి, పావుగంట తీసేసి, మళ్లీ పెట్టాను. రాత్రి రెండు దిండ్లు వేసుకున్నాను. అయినా మర్నాటికి వాపు పెరిగింది. రెండు మూడు రోజుల దాకా పెరిగి ఆ తర్వాత తగ్గడం మామూలేనట. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. వాపు దిగడం మొదలయ్యాక వేడి కాపడం పెడితే దవడ వదులైంది.

ఇంతలో మా ఆవిడ ఫోను లైటు వేసి నోట్లోకి చూసి, "చీము పట్టిందండీ" అంది. గుంట మీద తెల్లగా, కాస్త పసుపుగా మీగడ పొర. నాకూ గుండె జారింది. ఎందుకంటే మా బావకు ఇలాగే పన్ను తీశాక, బీడీ మానక గడ్డ ఊడిపోయింది. మూడో రోజుకు నొప్పి తగ్గాల్సింది పోయి చెవి దాకా పాకింది, నోరు కంపు కొట్టింది, మాత్రలకు లొంగలేదు. గుంటను సెలైనుతో కడిగి మందు దూది పెట్టించుకుంటే గానీ అతనికి నిద్ర పట్టలేదు. నాకు మాత్రం నొప్పి రోజురోజుకూ తగ్గుతూనే ఉంది. డాక్టరమ్మ చూసి, అది చీము కాదు, మానుతున్న పుండు మీద కట్టే పొర, గీకొద్దు అన్నారు. నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా రమ్మన్నారు.

వారం తర్వాత కుట్లు విప్పారు. చిగురు మూసుకోవడానికి ఇంకొన్ని వారాలు, లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుందట. అప్పటిదాకా మెతుకు ఇరుక్కుంటే పుల్ల పెట్టి కెలకొద్దని, సూది లేని సిరంజి ఒకటి ఇచ్చి ఉప్పునీళ్లు మెల్లగా చిమ్మి కడగమన్నారు. అది కూడా కుట్లు తీశాకే. ఇప్పుడది దుకాణంలో నా గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. మధ్యాహ్నం డబ్బా తిన్నాక కుళాయి దగ్గర నేను దాన్ని తీస్తే, హమాలీలంతా నవ్వుతారు.