పొయ్యి పైన గోడ

శనివారం. థాంక్స్‌గివింగ్‌కి ఇంకా అయిదు రోజులే ఉంది. పొద్దున్నే మా ఆయన పక్కింటివాళ్ళ నిచ్చెన మోసుకొచ్చి హాల్లో నిలబెట్టారు. ఈరోజు ఈ గోడ సంగతి తేలాల్సిందేనట.

డాలస్ శివార్లలో ఈ ఇల్లు కొని మూడేళ్ళయింది. చూడటానికి వచ్చినప్పుడు మమ్మల్ని పడేసింది ఈ గోడే. 20 అడుగులు, రెండంతస్తుల ఎత్తు, కింద ఫైర్‌ప్లేస్. గుళ్ళోకి వచ్చినట్టు ఇద్దరం తల పైకెత్తి నోరు తెరిచాం. అమ్మ మాత్రం వీడియో కాల్‌లో చూసి, "అంత జాగా గాలికొదిలేశారేమే, పైన ఓ గది పడేది కదా" అంది. ఏసీ బిల్లు వచ్చిన ప్రతి వేసవిలోనూ ఆ మాట గుర్తొస్తుంది.

మాంటెల్ అంటే పొయ్యి నెత్తిన ఉండే అరుగు. మాది 6 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు. దాని మీద ఏం పెట్టినా వెనకాల గోడ మింగేస్తుంది. మొదటి ఏడాది పెద్ద అద్దం పెట్టాం. అందులో మా మొహాలు కనపడవు, తిరిగే ఫ్యాన్ ఒక్కటే కనపడుతుంది. అది ఇప్పుడు గరాజ్‌లో ఉంది.

ఈసారి నా సూట్‌కేసు అడుగునుంచి చేర్యాల బొమ్మ, అదే గుడ్డ మీద కథలు గీసే పటం, తీశాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో శిల్పారామంలో కొన్నది. అడుగున్నర వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న గుడ్డ. ఎర్రరంగు పూత మీద వరసలు వరసలుగా కల్లు గీసేవాళ్ళు, దంచేవాళ్ళు, ఎడ్లబండి. ఎన్నేళ్ళు చుట్టి ఉందో, పరిస్తే మళ్ళీ చుట్టుకుపోతోంది. నాఫ్తలీన్ వాసన ఒకటి. రెండు చివర్లా బియ్యం బస్తాలు పెట్టి రాత్రంతా అణిచిపెట్టాను. అసలు కథలు చెప్పేవాళ్ళు వాడే పటాలు 40 అడుగులకు పైనే ఉండేవి. ఒక్కో బొమ్మే విప్పుతూ కులపురాణం చెప్పేవారు. అలాంటిది దొరికితే మా గోడే చాలదు.

నేరుగా మేకు కొట్టకుండా, అదే కొలతకి పార్సిళ్ళలో వచ్చే గోధుమరంగు కాగితం కత్తిరించి నీలం టేపుతో అంటించి చూశాం. మా ఆయన దాన్ని సరిగ్గా గోడ మధ్యకి తీసుకెళ్ళారు. కింద నుంచి చూస్తే పెద్ద కవరు మీద పోస్టు స్టాంపులా ఉంది. సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటున్న మా అమ్మాయి తల తిప్పకుండానే "ఇంకా కిందకి నాన్నా" అంది. రెండడుగులు దించారు. "ఇంకా." చివరికి అరుగుకి జానెడు ఎత్తులో ఆగింది. అప్పుడు గోడ సంగతి మర్చిపోయి బొమ్మా అరుగూ ఒకటైనట్టు కనిపించాయి. మూడేళ్ళుగా గోడని నింపాలనుకుంటున్నాం కానీ, ఇలా తోచనే లేదు.

కొండపల్లి బొమ్మలు వరసగా పేర్చి అమ్మకి చూపించాను.

"పొయ్యి మీద ఏనుగంబారీ పెట్టావా! తెల్ల పొణికి చెక్కే, చింతగింజల జిగురుతో అతికిస్తారు. వేడికి ఊడొస్తుంది."

"స్విచ్ నొక్కితే వెలిగే మంటమ్మా, అంత వేడి రాదు."

"చెయ్యి పెట్టి చూశావా?"

చూడలేదు. వెలిగించి అరగంట ఆగి చెయ్యి పెట్టాను. మధ్యలో బాగానే కాలుతోంది, చివర్లలో గోరువెచ్చగా ఉంది, అంతే. ఏనుగుని కుడి చివరికి, తాడిచెట్టునీ గీతకార్మికుణ్ణీ ఎడమ చివరికి జరిపాను. మధ్యలో ఇత్తడి చెంబులు రెండు. "వెనక బొమ్మకి పీట వెయ్యి, కొలువు మర్చిపోయావా?" అంది అమ్మ. పీటల్లేవు. పాత పాఠ్యపుస్తకాల మీద జాకెట్టు గుడ్డ కప్పాను. నిజంగానే కొలువు మెట్టులా తయారయింది. పటాన్ని మాత్రం ఇంకో జానెడు పైకి జరిపి మేకు కొట్టాం, వేడి తగలకుండా.

అమ్మాయి వినాయక చవితి నాటి ప్లాస్టిక్ బంతిపూల దండ తెచ్చి అరుగు అంచుకి కట్టింది. పక్కనే క్రిస్మస్ మేజోళ్ళ కొక్కేలు కూడా బిగించింది. తీసేయబోయి ఊరుకున్నాను.

సాయంత్రం నిచ్చెన ఇచ్చేసి వచ్చి, టీ తాగుతూ తల ఎత్తితే, గోడ నడిమధ్యన, ఎవరికీ అందనంత ఎత్తులో, నీలం టేపు ముక్క ఒకటి ఉండిపోయింది. "రేపు తీస్తాలే" అన్నారు మా ఆయన.