శ్రీశైలం ముంపు: ఎవరి నష్టం, ఎవరి లాభం

శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలకు చెందిన సుమారు వంద ఊళ్లు ఉన్నాయి. 1981 వేసవిలో అధికారులు ఇళ్లు కూల్పించి మరీ ఆ ఊళ్లను ఖాళీ చేయించారు. హైదరాబాదులో కృష్ణా నీళ్లు తాగుతున్న నేను ఈ వ్యవహారంలో లాభం పొందినవారి పక్షానే ఉన్నానని ముందే చెప్పాలి.

వేలమంది నష్టపోయినా లక్షలమంది బాగుపడ్డారు కదా అనే వాదాన్ని నేను కొట్టిపారేయను. రాయలసీమ దాహం నిజం, చెన్నైకి వెళ్లే తాగునీరు నిజం, రెండు గట్లమీది కేంద్రాల 1,670 మెగావాట్ల సామర్థ్యమూ నిజమే. అయితే శస్త్రచికిత్సలో కోత పడేదీ కోలుకునేదీ ఒకే శరీరం. ఇక్కడ కోత ఒకరికి, ఆరోగ్యం మరొకరికి. అందువల్ల మొత్తం మీద లాభమే అని తేల్చినంత మాత్రాన నష్టపోయినవాడి బాకీ తీరదు.

ఆ బాకీని ఎలా లెక్కగట్టారో చూస్తే బాధ కలుగుతుంది. 1894 నాటి భూసేకరణ చట్టానికి భూమి, దాని యజమాని మాత్రమే కనబడేవారు. ఊరినే నమ్ముకుని బతికిన కూలీలకు, చాకలి, మంగలి వృత్తులవారికి పునరావాసం కల్పించాలన్న నియమమే అందులో లేదు. అదే ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయిగా విప్పి, అలంపురం తీసుకువచ్చి మళ్లీ నిలబెట్టారు. అది మంచి పనే, నాకు ఆ గుడి ఎంతో ఇష్టం కూడా. కానీ పోతే తిరిగి రానిదని తోచినప్పుడు ఎంత శ్రద్ధగా తరలించవచ్చో ప్రభుత్వానికి తెలుసునని, ఆ శ్రద్ధ మనుషుల దాకా రాలేదని కూడా ఆ గుడే చెబుతోంది.

నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్న 98 జీవో 1986లో, అంటే ఊళ్లు మునిగిన ఐదేళ్లకు వచ్చింది. దాని అమలు కోసం దరఖాస్తులు పెట్టుకుని, ఉద్యోగ వయసు దాటిపోయినవారు ఎందరో ఉన్నారు. నా దృష్టిలో అసలు అన్యాయం ఈ వరుసలోనే ఉంది: లాభం గడువు ప్రకారం అందింది, పరిహారం మాత్రం వాయిదాల మీద నడిచింది. ఒకసారి నీళ్లు నిండాక నిర్వాసితుడి చేతిలో బేరమాడే శక్తి ఏదీ మిగలదు.

2013 నాటి కొత్త భూసేకరణ చట్టం ఈ వరుసను సరిదిద్దింది. సాగునీటి ప్రాజెక్టులలో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తికావాలని స్పష్టంగా చెప్పింది. అయినా 2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు, పోలవరం ముంపు మండలాలలోని కోయ, కొండరెడ్డి కుటుంబాలు చాలావరకు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నాయి. పునరావాస కాలనీలో ఇల్లు, సాగుభూమి చేతికి అందాయని గ్రామసభ ధ్రువీకరించేవరకు జలాశయంలో మట్టం పెంచరాదని నా అభిప్రాయం. దానివల్ల ఆయకట్టుకు నీరు రెండు మూడేళ్లు ఆలస్యం కావచ్చు. ఆ ఆలస్యాన్ని భరించవలసింది లాభం పొందబోయే మనమే.